సందు ఎంత ఉంటే దాటొచ్చు? సిగ్నల్ లేని కూడళ్ల లెక్క

సిగ్నల్ లేదు, పోలీసు లేడు, రోడ్డు మీద తెల్లగీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. అయినా సాయంత్రం ఆరింటికి ఆ కూడలిలో వందల బండ్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ వెళ్లిపోతూనే ఉంటాయి. మన ఊళ్లలో కూడళ్లు ఎక్కువ భాగం ఇలాంటివే. బయటి నుంచి చూస్తే అంతా గందరగోళం. ‘మనవాళ్లకి ట్రాఫిక్ సెన్స్ లేదు’ అని ఒక్క మాటలో తేల్చేయడం అలవాటైపోయింది. ఆ మాటతో ఏమీ తేలదు. అక్కడ బండి నడిపే ప్రతి ఒక్కరూ రెండు మూడు సెకన్లలో ఒక లెక్క వేసుకుంటున్నారు: వచ్చే బండికీ తనకీ మధ్య ఉన్న సందు తనకు చాలుతుందా, చాలదా? ఈ లెక్క బజారు కూడలిలో చాలావరకు సరిపోతుంది. అదే మనిషి అదే లెక్కతో హైవే ఎక్కితే ప్రాణం పోతోంది. ఎందుకన్నది మనిషి నిర్లక్ష్యంలో కంటే ఆ లెక్క తీరులోనే ఎక్కువ దొరుకుతుంది.

చట్టంలో స్పష్టత లేక కాదు. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఉంది: మెయిన్ రోడ్డుగా గుర్తించిన రోడ్డులోకి వచ్చేవాళ్లు దాని మీద వెళ్తున్న బండ్లకు దారి ఇవ్వాలి, ఏది మెయిన్ రోడ్డో తేలని చోట కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. కుడివైపు బండికి దారి అనే నియమం లైసెన్సు చేతికొచ్చాక చాలామందికి గుర్తుండదు. రోడ్డు మీద నడిచేది వేరే పద్ధతి.

ఆ పద్ధతిని కొలవడం ఎలా? పక్క రోడ్డు అంచున నిలబడి చూస్తే, మెయిన్ రోడ్డు మీద ఒక బండి దాటాక తర్వాతి బండి వచ్చేదాకా కొంత ఖాళీ ఉంటుంది. దాన్ని ఇంజనీర్లు సెకన్లలో లెక్కిస్తారు. ఒక సెకను సందును దాదాపు అందరూ వదిలేస్తారు, పది సెకన్ల సందును దాదాపు అందరూ వాడుకుంటారు. ఈ రెంటి మధ్య ఎక్కడో, సగటు డ్రైవరు ‘ఇక వెళ్లొచ్చు’ అనుకునే హద్దు ఉంటుంది. అదే క్రిటికల్ గ్యాప్. ఆ హద్దు మనిషి తలలో ఉంటుంది కాబట్టి నేరుగా కొలవలేం. ఏ సందులో దూరారు, దేన్ని వదులుకున్నారు అన్నది మాత్రమే బయటికి కనిపిస్తుంది. 1950లో అమెరికాలో రాఫ్ అనే పరిశోధకుడు ఒక సులువైన దారి చూపారు. వదిలేసిన సందులకు ఒక గీత, వాడుకున్న సందులకు ఒక గీత గీసి, రెండూ ఖండించుకునే చోటును హద్దుగా తీసుకున్నారు. తర్వాత ఇంతకంటే గట్టి గణిత పద్ధతులు వచ్చాయి గానీ మూలం ఇదే. రోడ్లు, కూడళ్లు ఎన్ని బండ్లను మోయగలవో లెక్కించే పుస్తకం, 2000లో వచ్చిన అమెరికా హైవే కెపాసిటీ మాన్యువల్, రెండు లేన్ల మెయిన్ రోడ్డుకు ఇచ్చిన అంకెలు 4.1 నుంచి 7.1 సెకన్ల దాకా ఉన్నాయి. మెయిన్ రోడ్డు మీంచి పక్కకు తిరిగే బండికి తక్కువ చాలు, పక్క రోడ్డు నుంచి వచ్చి రెండు వైపుల ప్రవాహాన్నీ చూసుకుని తిరగాల్సిన బండికి ఎక్కువ కావాలి.

ఒకటి రెండు సెకన్ల తేడాతో ఏమవుతుందనిపిస్తుంది. చాలా అవుతుందని చెప్పే సూత్రం 1936లోనే బ్రిటన్‌లో ఆడమ్స్ అనే ఇంజనీరు ఇచ్చారు. మెయిన్ రోడ్డు మీద బండ్లు ఒక క్రమం లేకుండా వస్తున్నాయనుకుని ఆ సూత్రంలో అంకెలు వేసి చూస్తే ఇలా వస్తుంది. గంటకు 1200 బండ్లు వచ్చే రోడ్డును దాటడానికి 4 సెకన్ల సందు చాలనుకునేవాళ్లు సగటున 4 సెకన్ల చిల్లర ఆగాలి. 6 సెకన్లు కావాలనుకునేవాళ్లు 13 సెకన్లు ఆగాలి. అదే రోడ్డు మీద గంటకు 1800 బండ్లు వస్తే మొదటివాళ్లకు 9 సెకన్లు, రెండోవాళ్లకు 32 సెకన్లు. ట్రాఫిక్ పెరిగింది ఒకటిన్నర రెట్లు, జాగ్రత్తపరుల నిరీక్షణ పెరిగింది దాదాపు రెండున్నర రెట్లు. పైగా ఇది వరుసలో ముందున్న బండి సంగతి మాత్రమే. దాని వెనక ఆగినవాళ్లు ముందు దాని వంతు అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత తమ వంతు కోసం ఆగాలి. వెనక నుంచి హారన్లు మోగేది ఇక్కడే. ఎక్కువసేపు ఆగినకొద్దీ చిన్న సందులోకి తెగబడతారన్నది దేశదేశాల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. రద్దీ వేళ కూడలిలో తెగింపు పెరగడానికి మనుషుల స్వభావం మారనక్కర్లేదు, సందులు కరువైతే చాలు.

ఇదంతా లేన్లు పాటించే కార్ల రోడ్డుకు రాసిన సిద్ధాంతం. దాన్ని తెచ్చి మన రోడ్డు మీద పెడితే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది.

ఏ పట్టణంలోనైనా ఒక మూడు రోడ్ల కూడలిని పది నిమిషాలు గమనిస్తే చాలు. పక్క రోడ్డు నుంచి వచ్చిన ఆటో ఆగదు. వేగం తగ్గించి, ముందు చక్రం మెయిన్ రోడ్డు అంచు మీదికి పెడుతుంది. ఈలోపు దాని ఎడమ పక్క నుంచి ఒక స్కూటీ, కుడి పక్క నుంచి రెండు బైకులు ముందుకొస్తాయి. మెయిన్ రోడ్డు మీద వస్తున్న కారు ఈ గుంపును చూసి కాస్త పక్కకు జరుగుతుంది, బ్రేకు మీద కాలు పెడుతుంది. ఆ అరసెకను తడబాటు కనిపెట్టి బైకులు కదులుతాయి. బైకుల చాటున ఆటో కదులుతుంది. ఆటో వెనకే, అసలు రోడ్డు వైపు చూడకుండా, ఒక టాటా ఏస్ వెళ్లిపోతుంది. నాలుగైదు బండ్లు ఒకే సందులో పక్కపక్కనే దాటాయి. పల్లెవెలుగు బస్సు వస్తే ఇంకా తేలిక: అది మలుపు తిరుగుతున్నంతసేపూ దాని అవతలి పక్కన డజను బైకులు గోడ చాటున వెళ్లినట్టు వెళ్లిపోతాయి.

ఇందులో ‘వదిలేసిన సందు’ ఏది? ఎవరూ పూర్తిగా ఆగనే లేదు. ‘దొరికిన సందు’ ఎంత? కారు బ్రేకు వేయకపోతే ఉండేది ఒకటి, వేశాక మిగిలింది ఇంకొకటి. రాఫ్ గీతలు గీయడానికి కావలసిన రెండు అంకెలూ ఇక్కడ మసకబారిపోతాయి. మన దగ్గర పాత పద్ధతులతో లెక్కిస్తే క్రిటికల్ గ్యాప్ అమెరికా అంకెల కంటే బాగా తక్కువ రావడానికి ఒక కారణం ఇదే. దాన్ని చూసి మనవాళ్లు రెండు సెకన్లలో రోడ్డు దాటే మొనగాళ్లనో, బొత్తిగా భయం లేనివాళ్లనో అనుకోకూడదు. దొరికిన సందు చాలకపోతే ఇక్కడ సందును పెంచుకుంటారు, పెంచేది మెయిన్ రోడ్డు మీది డ్రైవరు. ఆశాలత, సతీష్ చంద్ర అనే మన పరిశోధకులు 2011లో ప్రచురించిన పత్రంలో వేరే దారి పట్టారు. డ్రైవరు ఎంత సందు కోరుకున్నారని ఊహించే బదులు, బండి ఆ కూడలి మధ్య భాగాన్ని ఖాళీ చేయడానికి నిజంగా ఎంత సమయం పట్టిందో కొలిచి, దాన్ని తీసుకున్న సందులతో పోల్చారు. సీఎస్ఐఆర్ వారి కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2017లో తయారైన ఇండో-హెచ్‌సీఎం (మన రోడ్ల కోసం రాసిన హైవే కెపాసిటీ మాన్యువల్) కూడా సిగ్నల్ లేని కూడళ్లకు ఇదే తరహాలో, బండి కూడలిని ఆక్రమించి ఉన్న సమయాన్నే ఆధారంగా తీసుకుంది. మన రోడ్డును మన రోడ్డుగా చూసిన పని అది. ఇంతకాలం పట్టిందే అనిపిస్తుంది.

కాబట్టి మన కూడలిలో జరిగేది బేరం. పక్క రోడ్డు మనిషి బండి ముక్కు పెట్టి అడుగుతాడు. మెయిన్ రోడ్డు మనిషి ఇస్తే ఇస్తాడు, లేకపోతే డిప్పర్ కొట్టి, హారన్ కొట్టి ఇవ్వనంటాడు. చూపు, చేతి సైగ, చక్రం కదలిక అన్నీ ఈ బేరంలో మాటలే. పాదచారులు కూడా ఇదే చేస్తారు: రోడ్డంతా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా ఒక్కో బండి మధ్య ఆగుతూ, చెయ్యి అడ్డం పెడుతూ, ఏటవాలుగా దాటుకుపోతారు.

ఈ బేరం కుదరాలంటే ఒక షరతు ఉంది. ఎదుటి బండి వేగం తక్కువగా ఉండాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, డ్రైవరు తేరుకునే సమయంతో కలిపి 30 మీటర్లలో ఆగగలదని మన రోడ్డు డిజైన్ ప్రమాణాలు లెక్కిస్తాయి. 60 కిలోమీటర్ల వేగానికి 80 మీటర్లు కావాలి. 100 కిలోమీటర్లకు 180 మీటర్లు. బజారులో పక్క రోడ్డు మనిషి లెక్క తప్పితే మెయిన్ రోడ్డు మనిషి దాన్ని దిద్దగలడు. అలా దిద్దుతున్నాడు కాబట్టే ఆ తప్పు తప్పుగా కనిపించడం లేదు. ఇరవై ఏళ్లు బైకు నడిపినా ఏమీ కాలేదనే మనిషి ధైర్యం వెనక, ఎదుటివాళ్లు వేసిన వేల బ్రేకులు ఉన్నాయి. వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

హైవే మీద ఆ బ్రేకు అందదు. దానికి తోడు మన కంటికి ఉన్న పరిమితి ఒకటుంది. ఎదురుగా వచ్చే బండి ఎన్ని సెకన్లలో చేరుతుందన్నది మనిషి కన్ను బాగా చెప్పలేదు, ఎంత దూరంలో ఉందన్నది మాత్రం ఒక మాదిరిగా చెప్పగలదు. అందుకని చాలామంది తెలియకుండానే దూరాన్ని చూసే నిర్ణయిస్తారు. మెయిన్ రోడ్డు వేగం పెరిగేకొద్దీ డ్రైవర్లు తీసుకునే సందు సెకన్లలో చిన్నదవుతుందని చాలా పరిశీలనల్లో తేలింది. లెక్క చూడండి. ‘అదిగో, అరవై మీటర్ల అవతల ఉంది, దాటేయొచ్చు’ అని ఒక మనిషి అలవాటు చేసుకున్నాడనుకుందాం. ఆ బండి 40తో వస్తుంటే అతనికి 5.4 సెకన్లు ఉన్నట్టు. 60తో వస్తుంటే 3.6. 80తో అయితే 2.7. 100తో అయితే 2.2 సెకన్లు కూడా ఉండవు. కంటికి కనిపించే దృశ్యం దాదాపు ఒకటే, ఉన్న సమయం సగానికంటే తక్కువ. రోడ్డు బాగుపడి వేగాలు పెరిగిన ప్రతి చోటా పాత అలవాటుకు ఇదే గతి పడుతుంది.

కన్ను చేసే ఇంకో మోసం బండి పరిమాణంతో. ఒకే దూరంలో ఒకే వేగంతో వస్తున్నా, చిన్న బండి పెద్ద బండి కంటే ఆలస్యంగా చేరుతుందని మనకు తోస్తుంది. దృష్టి మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ప్రయోగాల్లో పదే పదే చూశారు. లారీ వస్తుంటే ఆగేవాళ్లు బైకు వస్తుంటే ముందుకు దూకడానికి భయం తేడా ఒక కారణమైతే, ఈ భ్రమ మరో కారణం. రాత్రి ఒంటి లైటుతో వచ్చే బైకు సంగతి చెప్పనక్కర్లేదు: అంత చీకటిలో ఒక చుక్క పెరుగుతోందా లేదా అన్నదాన్ని బట్టి వేగం కనిపెట్టాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. వాళ్లంతా కూడళ్లలో పోలేదు, హెల్మెట్ నుంచి అతివేగం దాకా కారణాలు అనేకం. కానీ రోడ్డు మీద ఇన్ని బైకులున్న దేశంలో ఈ భ్రమ గురించి డ్రైవింగ్ స్కూల్లో ఒక్క ముక్క చెప్పకపోవడం మాత్రం పెద్ద లోటు.

ఇప్పుడు ట్రాక్టర్ సంగతి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు గానీ, చెన్నై–కోల్‌కతా రోడ్డు గానీ, పల్లెల మధ్య నుంచి వెళ్లే ఏ నాలుగు వరసల రహదారైనా తీసుకోండి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం సవరించిన వేగ పరిమితుల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఇటు చేను, అటు ఊరు. ధాన్యం బస్తాలతో ట్రాక్టర్ రోడ్డు అంచుకు వచ్చి ఆగింది. ట్రాలీతో కలిపి పొడవు సుమారు 8 మీటర్లనుకుందాం, దాటాల్సిన రెండు వరసల వెడల్పు 7 మీటర్లు. అంటే దాని తోక కూడా అవతలికి చేరాలంటే 15 మీటర్లు కదలాలి. నిలబడిన చోటు నుంచి బరువుతో మెల్లగా ఎత్తుకునే బండికి, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుందనుకున్నా, దాదాపు 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో 100తో వచ్చే కారు 210 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. అదే చోట బైకు మూడున్నర సెకన్లలో దాటేస్తుంది. ఇద్దరికీ ఒకే కూడలి, ఒకే సందు. కానీ ట్రాక్టర్ నడిపే రైతు కూడా బైకు మీద వెళ్లే రోజుల్లో కంటికి అలవాటైన దూరాన్నే నమ్ముకుంటే, ట్రాలీ రోడ్డు మధ్యలో ఉండగానే కారు వచ్చేస్తుంది.

ఆ రెండు వరసలూ దాటాక? మధ్యలో డివైడర్ వెడల్పు చాలాచోట్ల నాలుగైదు మీటర్లు. బైకు అందులో అడ్డంగా ఆగి, రెండో సగానికి మళ్లీ సందు చూసుకోగలదు. కారు అతికష్టం మీద పడుతుంది. ట్రాక్టర్, ట్రాలీ పట్టవు: తల ఆగితే తోక వెనక వరసలో, తోక లోపలికి లాగితే తల ముందు వరసలో. అంటే దానికి రెండు వైపులా ఒకేసారి ఖాళీ దొరకాలి. ఒక వైపు కావలసినంత సందు నాలుగింట ఒకసారి దొరుకుతుందనుకుంటే, రెండు వైపులా కలిసి దొరికేది పదహారింట ఒకసారి. వరికోతల రోజుల్లో, పత్తి మార్కెట్‌కు పోయే రోజుల్లో ఈ పదహారో వంతు కోసం ఎంతసేపు ఆగగలరో, వెనక ఇంకో మూడు ట్రాక్టర్లు హారన్ కొడుతుంటే ఆ ఓపిక ఎంతసేపుంటుందో పైన చూసిన నిరీక్షణ లెక్కే చెబుతుంది.

ప్రమాదం జరిగాక సాధారణంగా తీసుకునే చర్య డివైడర్‌లో ఆ సందు మూసేయడం. అవతలి పక్కకు చేరాలంటే రెండు కిలోమీటర్లు పోయి, యూటర్న్ తీసుకుని, మళ్లీ రెండు కిలోమీటర్లు రావాలి. చేనుకీ ఊరికీ రోజుకు నాలుగుసార్లు తిరిగేవాళ్లు ఆ పని చేయరు, రాంగ్ రూట్‌లో వస్తారు. అడ్డంగా ఉన్న ముప్పు ఎదురుగా మారుతుంది, అంతే. పైగా యూటర్న్ కూడా సందు చూసి దూరే వ్యవహారమే. హైదరాబాద్‌లో సిగ్నళ్లు తీసి యూటర్న్‌లు పెట్టిన చోట్ల ఎదుటి ప్రవాహాన్ని ఒరుసుకుంటూ బండ్లు తిరగడం రోజూ చూసేదే. బస్సు ఒక్క ఊపులో తిరగలేక రెండు వరసలు అడ్డుకుంటుంది, దాని చాటున బైకులు.

ఇంకో చర్య, పక్క రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వేయడం. చూడకుండా దూసుకొచ్చేవాళ్లను అది ఆపుతుంది, అందుకు మంచిదే. కానీ దాని వల్ల బరువు బండి పూర్తిగా ఆగి, సున్నా నుంచి మొదలవుతుంది. అంటే దానికి ఇంకా పెద్ద సందు కావాలి. పక్క రోడ్డు మీద మాత్రమే బ్రేకర్ వేసి మెయిన్ రోడ్డును వదిలేస్తే, బలహీనుడి మీద భారం పెంచి వేగం ఉన్నవాణ్ని ముట్టుకోనట్టే. బజారు కూడలిలో బేరం కుదిరేది మెయిన్ రోడ్డు మనిషి నెమ్మదిగా ఉండటం వల్ల అయినప్పుడు, హైవే మీద సగం మందు మెయిన్ రోడ్డుకే వేయాలి. ఊరు వచ్చే ముందు నుంచే రోడ్డు చూడగానే కాలు వెనక్కి తీసేలా ఉండాలి: అడ్డ పట్టీలు, వేగాన్ని నిజంగా పట్టే కెమెరాలు, అవసరమైన చోట ఎత్తు చేసిన దాటుడు భాగం. స్థలం ఉన్న చోట గుండ్రపు కూడలి అన్నిటికంటే నయం. దాని వంపే అందరి వేగాన్నీ తగ్గిస్తుంది, లోపలికి వచ్చేవాళ్లు ఒక్క వైపే చూసుకుంటే చాలు, రెండు దిక్కుల సందు ఒకేసారి దొరకాలన్న బాధ తప్పుతుంది. ట్రాక్టర్లు ఎక్కువగా దాటే చోట కింది దారి (అండర్‌పాస్) వేయడమే అసలు పరిష్కారం. అది ఖరీదైనదే, నిజమే. రోడ్డు వేసేటప్పుడే వేస్తే ఆ ఖర్చులో కలిసిపోతుంది, తర్వాత తవ్వితే మూడేళ్లు పక్కదారుల్లో తిరగాలి.

వీటన్నిటికంటే చవకైన పని ఒకటి ఎవరికీ పట్టదు. డివైడర్ మీద నాటిన గన్నేరు, కాగితపు పూల చెట్లు మనిషెత్తు పెరుగుతాయి. మన ప్రమాణాలు కారు డ్రైవరు కంటి ఎత్తును 1.2 మీటర్లుగా తీసుకుంటాయి. డివైడర్ సందులో ఆగిన బైకు మనిషికి రెండో వైపు రోడ్డు ఆ పొదల వెనక ఉంటుంది. వచ్చే కారుకు ఆ బైకు అసలు కనబడదు. పక్క రోడ్డు మూల మీద టీ బంకు, ఫ్లెక్సీ, ఆగిన లారీ ఇదే పని చేస్తాయి. 210 మీటర్ల అవతలి కారును చూసి నిర్ణయించుకోవాల్సిన మనిషికి 50 మీటర్లు కూడా కనబడకపోతే, సందు ఎంచుకోవడం అన్న మాటే ఉండదు. కూడలికి రెండు పక్కలా డివైడర్ మొక్కల్ని మోకాలెత్తుకు మించకుండా కత్తిరించడానికి కోట్లు అక్కర్లేదు.

ఎక్కడ ముందు పనిచేయాలన్నది ప్రస్తుతం మరణాలే చెబుతున్నాయి. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో చావో తీవ్ర గాయమో జరిగిన ప్రమాదాలు ఐదు అయినా, మరణాలు పది అయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అంత లెక్క పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఒక బండి వదిలిన చోటికి అడ్డం నుంచి వచ్చే బండి ఎంత వ్యవధిలో చేరిందో వీడియోలో కొలవొచ్చు. సెకను, సెకనున్నర లోపు వచ్చాయంటే ఆ రోజు గుద్దుకోకపోవడం అదృష్టం కిందే లెక్క. పక్కనున్న మేడ మీద కెమెరా పెట్టి, ఒక సంత రోజు సాయంత్రం రెండు గంటలు తీసినా అలాంటివి ఎన్ని జరుగుతున్నాయో తెలిసిపోతుంది. మెయిన్ రోడ్డు బండ్ల వేగం అదే వీడియోలో దొరుకుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ట్రాఫిక్ చదివే విద్యార్థులు ప్రాజెక్టుల కోసం ఇలాంటి వీడియోలు ఇప్పటికే తీస్తున్నారు. ఆ అంకెలు కాలేజీ బీరువాలో ఉండిపోకుండా జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో బల్ల మీదికి రావాలి. అప్పుడు ఏ కూడలికి కింది దారి, ఏ కూడలికి వేగం కోత, ఏ కూడలికి మొక్కల కోత అన్నది ఐదో ప్రమాదం జరగకముందే నిర్ణయించవచ్చు.